తాళాలగుత్తి ఎవరి బొడ్లో ఉండాలి

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్స్‌తో కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. తరతరాలుగా ఊరి భూమి లెక్కలు కరణంగారి ఇంట్లో, ఆయన పెట్టెలో, ఆయన చేతిరాతలో ఉండేవి. ఏ సర్వే నంబరులో ఎన్ని సెంట్లు, ఎవరి పేర అడంగల్ నడుస్తోంది, ఏ పోరంబోకు ఎవరి అనుభవంలో ఉంది, అంతా అక్కడే. పదవి ఒక్క సంతకంతో పోయింది. ఆ రద్దు చెల్లుతుందని 1985లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. దస్త్రాలు మాత్రం అంత తేలిగ్గా చేతులు మారలేదని, ఫలానా కాగితం కరణంగారి పెట్టెలోనే ఉండిపోయిందని మా వైపు పెద్దవాళ్లు చెప్పుకోగా చిన్నప్పటి నుంచీ విన్నాను. లెక్క ఊరిది, పెట్టె కరణానిది. ఆ రెంటి మధ్య తేడా ఎంత పెద్దదో జనానికి తెలిసింది పెట్టె తాళం కావలసి వచ్చిన రోజునే.

ఇప్పుడు ఆ దస్త్రం కంప్యూటర్లోకి వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో 1998లో కార్డ్ పథకంతో మొదలై, 2011లో మీసేవ, 2015లో మీభూమి దాకా ప్రభుత్వ లెక్కలన్నీ డేటాబేస్ సర్వర్లలోకి చేరాయి. వాటిని చూసుకోవడానికి పెద్ద పెద్ద వ్యవస్థలున్నాయి. నా దృష్టి వాటి మీద కాదు, ఊళ్లలోని చిన్న సర్వర్ల మీద. తెనాలిలో మినపపప్పు మిల్లులు, నగల దుకాణాలు, రక్తపరీక్షల ల్యాబులు. బాపట్లలో కాలేజీలు, హాస్టళ్లు. రేపల్లె చుట్టూ బియ్యం మిల్లులు, నిజాంపట్నం దాకా రొయ్యలు కొనేవాళ్ల ఆఫీసులు, ఐసు ఫ్యాక్టరీలు. ప్రతిచోటా ఒక మూల బల్ల కింద సర్వరు ఒకటుంటుంది. పదేళ్ల బాకీలు, బిల్లులు, పేషెంట్ల రిపోర్టులు, పిల్లల మార్కులు అందులో ఉంటాయి. ఈ మూడు ఊళ్ల మధ్య కంప్యూటర్ల పని మీద ఏళ్ల తరబడి తిరుగుతున్నాను. నాకు వచ్చే ఫోన్లలో ఒక మాట ఎప్పుడూ మారదు: "పెట్టిన కుర్రాడు హైదరాబాదు వెళ్లిపోయాడండీ. పాస్‌వర్డ్ అతనికే తెలుసు."

ఇన్నేళ్లలో యాడ్మిన్ పాస్‌వర్డ్ పోవడం లెక్కలేనన్నిసార్లు చూశాను. కేవలం దానివల్ల డేటా పోవడం ఒక్కసారీ చూడలేదు. డేటా పోయిన ప్రతిచోటా కారణం వేరే ఉంది. ఈ తేడా ఓనర్లకు తెలియదు. తెలియకపోవడం వల్ల భయపడతారు, ఆ భయంలో అడిగినంత డబ్బు ఇస్తారు, కొన్నిసార్లు తప్పు మనిషి చేతికి మిషను అప్పగిస్తారు.

అసలు పాస్‌వర్డ్ పోయినా లోపలికి దారి ఎందుకుంటుంది? డేటాబేస్ అంటే చివరికి డిస్కు మీద ఉన్న ఫైళ్లు. ఆ ఫైళ్లను చదివే ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టగలిగిన మనిషి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న మనిషి, ఆ ప్రోగ్రాముకు ఏమైనా చెప్పగలడు. ఎవరి చేతిలో మిషను ఉందో వాళ్ల చేతిలో డేటాబేస్ ఉన్నట్టే. దీన్ని ఎవరో విడిచిపెట్టిన లోపం అనుకోకూడదు. చేసినవాళ్లు తెలిసే పెట్టిన దొడ్డిదారి ఇది. ఒక్కో డేటాబేస్ ఈ దారిని ఒక్కోలా కట్టింది. ఆ కట్టడంలోనే వాళ్ల ఆలోచన కనిపిస్తుంది.

మన వైపు ఎక్కువగా కనిపించేది మైఎస్‌క్యూఎల్. కాలేజీ సాఫ్ట్‌వేర్లు, ల్యాబు సాఫ్ట్‌వేర్లు చాలావరకు దీని మీదే నడుస్తాయి. దీని పెద్ద యూజరు పేరు రూట్. రూట్ పాస్‌వర్డ్ పోతే రెండు దారులున్నాయి. అందరికీ తెలిసినది, ఇంటర్నెట్‌లో ఎవర్ని అడిగినా మొదట చెప్పేది స్కిప్ గ్రాంట్ టేబుల్స్. అంటే సర్వర్ని "ఎవరు ఎవరో అడగకు, వచ్చినవాళ్లందర్నీ రానివ్వు" అని చెప్పి మొదలుపెట్టడం. ఆ ఐదు నిమిషాలూ ఇంటి తలుపులు, కిటికీలు అన్నీ బార్లా తీసినట్టే. పాత వెర్షన్లలో నెట్‌వర్కు నుంచి కూడా ఎవరైనా దూరిపోవచ్చు. 8.0 వెర్షన్ వచ్చాక, ఇలా మొదలుపెడితే నెట్‌వర్కు దారి దానంతట అదే మూసుకుంటోంది. రెండోది ఇనిట్ ఫైలు దారి. కొత్త పాస్‌వర్డ్ మార్చే ఒక్క వాక్యాన్ని ఒక ఫైల్లో రాసి, మొదలయ్యేటప్పుడు ఆ ఫైలు చదవమని సర్వర్‌కి చెబుతాం. తలుపులు తీయాల్సిన పనే ఉండదు. పని అయ్యాక ఆ ఫైలు చెరిపేయాలి, అందులో పాస్‌వర్డ్ విడి అక్షరాల్లో ఉంటుంది కాబట్టి. మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ కూడా రెండో దారినే ముందు చెప్పి, మొదటిదానికి భద్రత తక్కువని రాసింది. అయినా మన కుర్రాళ్లు మొదటిదే వాడతారు, నేర్పినవాళ్లు అదే నేర్పారు గనుక. నేర్పేవాళ్లు ఈ వరస మార్చాలని నా కోరిక.

పాత పుస్తకాల్లో చదివి పని చేసేవాళ్లకు ఇంకో చిక్కు ఎదురవుతుంది. యూజర్ల పట్టికలో పాస్‌వర్డ్ గడి పేరు 5.7 కాలంలో మారిపోయింది. పాస్‌వర్డ్‌ని మార్చి రాసే పాత ఫంక్షన్ 8.0లో తీసేశారు. పాత ఆదేశం కొడితే తప్పు చూపిస్తుంది. కుర్రాడు కంగారుపడి పట్టికలనే చేత్తో మార్చడం మొదలెడతాడు. అక్కడ చేయి తప్పితే రూట్ యూజరే పోతుంది. అలా పోగొట్టి నాకు ఫోను చేసినవాళ్లు ఉన్నారు. నా మాట ఒకటే: ముందు వెర్షన్ చూడు, డేటా ఫోల్డరు మొత్తం సర్వర్ ఆపి కాపీ తీసుకో, తర్వాతే చేయి పెట్టు.

పోస్ట్‌గ్రెస్‌ది వేరే తీరు. ఎవరు ఎక్కడ నుంచి, ఏ పద్ధతిలో లోపలికి రావచ్చో పీజీ హెచ్‌బీఏ అనే ఒక మామూలు ఫైల్లో వరసగా రాసి ఉంటుంది. పై నుంచి కిందికి చదువుకుంటూ, సరిపోయిన మొదటి వరస దగ్గర ఆగుతుంది. ఆ ఫైలు పైన ఒక్క వరస, ఈ మిషను లోపలి నుంచి వచ్చే పోస్ట్‌గ్రెస్ యూజర్ని నమ్ము అని రాస్తే చాలు. సర్వర్ని ఆపక్కర్లేదు, ఫైలు మళ్లీ చదవమంటే సరిపోతుంది. పని చేసుకుంటున్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. పని కాగానే ఆ వరస తీసేయాలి. ఇంత శుభ్రమైన దారి మరే డేటాబేస్‌లోనూ నేను చూడలేదు. చదివితే అర్థమయ్యే ఒక కాగితం మీద ఇంటి కట్టుబాట్లన్నీ రాసి గోడకు అంటించినట్టుంటుంది.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద ఉంటాయి. దాని పెద్ద యూజరు ఎస్‌ఏ. ఒకప్పుడు విండోస్ మిషనుకు యాడ్మిన్ అయితే డేటాబేస్‌కీ యాడ్మిన్ అయినట్టే. 2008 వెర్షన్‌తో మైక్రోసాఫ్ట్ ఈ రెంటినీ విడదీసింది. మిషను చూసే మనిషికి లోపలి లెక్కలు చూసే హక్కు దానంతట అదే ఉండకూడదన్నది వాళ్ల వాదన, న్యాయమైన వాదనే. కానీ దొడ్డిదారి మూయలేదు. సర్వీసుని ఆపి, ఒక్క మనిషే లోపలికి వచ్చేలా సింగిల్ యూజర్ పద్ధతిలో మొదలుపెడితే, అప్పుడు వచ్చే విండోస్ యాడ్మిన్‌కి పూర్తి అధికారం ఇస్తుంది. ఇక్కడ అందరూ బోల్తాపడే చోటు ఒకటుంది. ఎస్‌క్యూఎల్ ఏజెంటు అనే ఇంకో సర్వీసు ముందే దూరి ఆ ఒక్క కుర్చీలో కూర్చుంటుంది. మనం వెళ్తే చోటు లేదంటుంది. ముందు ఏజెంటుని ఆపాలి, తర్వాత బిల్లింగ్ కౌంటర్లలో ప్రోగ్రాములన్నీ మూయించాలి. తెనాలిలో ఒక దుకాణంలో నాలుగో కౌంటరు ఎవరికీ గుర్తు లేక గంటసేపు తల పట్టుకున్న రోజు నాకు బాగా జ్ఞాపకం.

ఒరాకిల్ మన చిన్న ఊళ్లలో తక్కువ. అందులో డీబీఏ అనే గుంపులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ యూజరు పాస్‌వర్డ్ లేకుండానే సర్వాధికారిగా లోపలికి వెళ్తాడు. మాంగోడీబీలో అధికారాల తనిఖీని సెట్టింగ్ ఫైల్లో ఆపి మొదలుపెట్టి, కొత్త యాడ్మిన్‌ని చేసుకుని, మళ్లీ తనిఖీ పెట్టాలి.

ఈ దారులన్నింటినీ మించిన ఆలోచన మరియాడీబీది. 2019లో వచ్చిన 10.4 వెర్షన్ నుంచి, లైనక్స్ మీద అందులో రూట్‌కి పాస్‌వర్డ్ లేకుండానే పెడుతున్నారు. మిషనులో రూట్‌గా ఉన్న మనిషే డేటాబేస్‌లోనూ రూట్, వేరెవరూ కాదు. ఉబుంటు కూడా మైఎస్‌క్యూఎల్‌ని ఇదే పద్ధతిలో అమర్చి ఇస్తోంది. పోగొట్టుకోవడానికి పాస్‌వర్డే లేదు. ఎటూ మిషను ఉన్నవాడే యజమాని అయినప్పుడు, మధ్యలో ఇంకో తాళం పెట్టి దాన్ని పోగొట్టుకోవడం ఎందుకన్న ఆలోచన అది. నేను కొత్తగా పెట్టే ప్రతిచోటా ఇలాగే పెడుతున్నాను.

ఇల్లు అలకగానే పండగ కాదు. లోపలికి వెళ్లాక అసలు కష్టం మొదలవుతుంది. రేపల్లె దగ్గర ఒక మిల్లులో రూట్ పాస్‌వర్డ్ మార్చి, సంతోషంగా కాఫీ తాగుతుండగా వే బ్రిడ్జి దగ్గర నుంచి కేకలు వచ్చాయి. లారీల తూకం చీటీ రావట్లేదు. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు వేరే యూజర్ని చేయకుండా, రూట్ పాస్‌వర్డ్‌నే ప్రోగ్రాముల్లో రాసి పెట్టారు. తాళం మార్చగానే ప్రోగ్రాములన్నీ బయట నిలబడ్డాయి. ఆ రోజు పన్నెండు లారీలు రోడ్డు మీద ఆగాయి. ఆ తప్పు నాదే, ముందు వెతకలేదు. అప్పటి నుంచీ నా మొదటి పని మార్చడం కాదు, వెతకడం. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ ఫైళ్లలో చాలాసార్లు ఆ పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే దొరుకుతుంది. దొరికితే ఆ రోజుకి లారీలు ఆగవు. రాత్రి దుకాణం కట్టేశాక తీరిగ్గా కొత్త యూజర్ని చేసి, ప్రోగ్రాముకి అవసరమైనంత అధికారమే ఇచ్చి, రూట్‌ని దాని చేతిలోంచి తీసుకోవచ్చు.

తలుపు తీసినవాడు మళ్లీ వేయకుండా వెళ్లడం ఇంకా పెద్ద ప్రమాదం. నమ్ము అని రాసిన వరసని అలాగే వదిలేసిన పోస్ట్‌గ్రెస్ సర్వర్లు, ఖాళీ పాస్‌వర్డ్‌తో నడుస్తున్న ఎస్‌ఏలు, ఎగ్జాంప్ అనే ప్యాకేజీ పెట్టగానే వచ్చే ఖాళీ రూట్‌ని ఎప్పటికీ మార్చని కాలేజీ సర్వర్లు మన వైపు ఎన్నో ఉన్నాయి. దీని ఫలితం ప్రపంచం ఇప్పటికే రెండుసార్లు గట్టిగా చూసింది. 2002 మే నెలలో స్పైడా అనే పురుగు, ఖాళీ ఎస్‌ఏ పాస్‌వర్డ్‌తో ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్లను వెతుక్కుంటూ ఇంటర్నెట్ అంతా పాకింది. 2017 జనవరిలో, తనిఖీ లేకుండా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన వేలాది మాంగోడీబీ సర్వర్లలోకి దొంగలు పడి డేటా తుడిచేసి, 0.2 బిట్‌కాయిన్ కడితే ఇస్తామని చీటీ పెట్టిపోయారు. చాలాచోట్ల వాళ్లు కాపీ కూడా తీసుకోలేదు, కట్టినవాళ్లకీ డేటా రాలేదు. వేయని తలుపు పాస్‌వర్డ్‌దే కానక్కర్లేదు. ఆ ఏడాది మే 12న మొదలైన వన్నాక్రై అనే పురుగు డేటాబేస్ పాస్‌వర్డ్‌లతో పనిలేకుండా విండోస్ లోపం గుండా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్న వాటిలో ఉన్నాయి, గుంటూరు జిల్లాతో సహా. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ అప్పుడు ఆ జిల్లావే. దాన్ని ఆపే సవరణ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది.

మిషను చేతిలో ఉంటే డేటాబేస్ చేతిలో ఉన్నట్టేనని పైన అన్నాను. ఆ మాట చెల్లని చోటు ఒకటుంది. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో భట్టిప్రోలు స్టేషన్ వచ్చినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం తవ్వించి రాతి ధాతుపేటికలు బయటికి తీశాడు. వాటి మీద రాత ఉంది. పేటిక చేతికి వచ్చింది గాని, ఆ లిపి బ్రాహ్మిలానే ఉన్నా కొన్ని అక్షరాలు వేరు. బ్యూలర్ అనే పండితుడు కూర్చుని అక్షరం అక్షరం పోల్చుకుని చదివితేగాని లోకానికి అర్థం కాలేదు. పెట్టె తెరవడం ఒకటి, లోపలి రాత చదవడం ఇంకొకటి. ఎన్‌క్రిప్షన్ పెట్టిన డేటాబేస్ సరిగ్గా అలాంటిది. ఫైళ్లు మన చేతిలో ఉన్నా, కీ లేకపోతే అవి అర్థంలేని అంకెలు. పైగా ఇక్కడ బ్యూలర్ కూడా ఏమీ చేయలేడు. అక్షరాలు పోల్చుకుని చదివే వీలు లేకుండా చేయడమే ఆ విద్య.

మన వ్యాపారులకు ఇది టాలీలో ఎదురవుతుంది. టాలీలో మామూలు యాడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటి, టాలీ వాల్ట్ పాస్‌వర్డ్ ఇంకొకటి. చాలామందికి రెండూ ఒకటే అనిపిస్తుంది. వాల్ట్ పెడితే కంపెనీ డేటా మొత్తం ఎన్‌క్రిప్ట్ అవుతుంది, ఆ పాస్‌వర్డ్ పోతే తిరిగి రాదని ఆ కంపెనీయే చెబుతుంది. అకౌంటెంటు తనకు తెలిసిన ఒక గొప్ప జాగ్రత్తగా వాల్ట్ పెట్టి, నాలుగు నెలల తర్వాత మానేసి వెళ్తే ఓనరు ఏడవాల్సిందే. పెద్ద డేటాబేస్‌లలోనూ అంతే. బ్యాకప్ ఉంది, కీ లేదు అంటే బ్యాకప్ లేనట్టే. రూట్ పాస్‌వర్డ్ గురించి ఆత్రపడేవాళ్లు ఆ ఆత్రమంతా ఈ కీ మీద పెట్టాలి.

ఇక అసలు ప్రశ్న. లోపలికి వెళ్లడం తెలిసినవాడు వెళ్లవచ్చా? సాంకేతికంగా పావుగంట పని. కానీ ఎవరి మాట మీద?

ఒకసారి తెనాలిలో ఒక వ్యాపారి పిలిపించి సర్వర్ చూపించాడు. "పాస్‌వర్డ్ మర్చిపోయాం, తీసి పెట్టు అబ్బాయ్" అన్నాడు. అడిగినదానికన్నా ఎక్కువ ఇస్తానన్నాడు. నాకు ఎందుకో అనుమానం వచ్చి, దుకాణం ఎవరి పేర ఉందని అడిగాను. అన్నదమ్ములిద్దరిది. తమ్ముడికి చెప్పారా అంటే మాట దాటేశాడు. ఆ మధ్యాహ్నమే తెలిసింది, పంపకాలు పెద్దమనుషుల దగ్గర నలుగుతున్నాయని. నేను ముట్టుకోలేదు. అప్పటి నుంచీ నాకో కట్టుబాటు ఉంది. దుకాణం లెటర్‌హెడ్ మీద, భాగస్తులందరి సంతకాలతో, ఫలానా సర్వర్‌లో యాడ్మిన్ అధికారం తిరిగి పెట్టమని రాసిచ్చిన కాగితం లేకుండా చేయి పెట్టను. ఏమేం మార్చానో వరసగా రాసి, ఒక కాపీ వాళ్లకిచ్చి ఒకటి దగ్గర పెట్టుకుంటాను. పని తెలిసిన కుర్రాళ్లందరికీ ఇదే చెబుతున్నాను. చెప్పించుకోవడానికి కొంతమందికి ఇబ్బంది, కానీ వాళ్ల మెడకు చుట్టుకునేది చట్టం.

2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 43కి ఈ విషయంలో రెండువైపులా పదునుంది. కంప్యూటర్ యజమాని లేదా దాని బాధ్యత చూసే మనిషి అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం తప్పు. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, దాని గురించి మన వైపు చాలామందికి తెలియదు: లోపలికి వెళ్లే హక్కు ఉన్న మనిషిని ఏ విధంగానైనా వెళ్లనివ్వకుండా చేయడమూ తప్పే. పాస్‌వర్డ్ చేతిలో పెట్టుకుని "నా బాకీ తీరిస్తేనే ఇస్తా" అనే సర్వీసువాడు ఆలోచించుకోవాల్సిన మాట ఇది. మోసబుద్ధితో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సర్వీసువాడి పక్షానా న్యాయం లేకపోలేదు. ఏడాది పాటు మెయింటెనెన్స్ డబ్బు ఎగ్గొట్టి, పని మాత్రం చేయించుకునే ఓనర్లను నేను చూశాను. ఆ కుర్రాడి కష్టానికి డబ్బు రావాలి, దావా వేసైనా వసూలు చేసుకోవాలి. కానీ సాఫ్ట్‌వేర్ అతనిది, అందులోని బాకీల లెక్క ఓనరుది. ఆ లెక్కని తాకట్టు పెట్టుకునే హక్కు అతనికి లేదు.

ఈ తగాదా ఎంత దూరం పోగలదో 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తేలింది. ఆ నగర ప్రభుత్వ నెట్‌వర్కుని టెర్రీ చైల్డ్స్ అనే ఇంజినీరు దాదాపు ఒంటిచేత్తో కట్టాడు. పైవాళ్లు పాస్‌వర్డ్‌లు అడిగితే, వాళ్లకి అవి అర్థం కావు, పాడు చేస్తారు అని ఇవ్వలేదు. జులైలో అరెస్టయ్యాడు. జైల్లో కూర్చున్నా ఇవ్వలేదు. చివరికి మేయర్ గావిన్ న్యూసమ్ స్వయంగా వెళ్తే ఆయన చేతికిచ్చాడు. ఆ రోజులన్నింటిలో నెట్‌వర్కు ఒక్కసారీ ఆగలేదు. అయినా 2010లో కోర్టు అతన్ని దోషి అంది, నాలుగేళ్ల శిక్ష వేసింది. నాకు అతని మీద జాలి ఉంది. తను కట్టినదాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాడు. కానీ బిడ్డ ఊరిది. కరణంగారి కథే ఇది, ఊరు మారింది.

పాస్‌వర్డ్ పోయిందనే మాటని ఊరికే నమ్మకూడదని చెప్పే కథ ఇంకొకటి. కెనడాలోని క్వాడ్రిగా అనే క్రిప్టో సంస్థ యజమాని జెరాల్డ్ కాటన్ 2018 డిసెంబరులో జైపూర్‌లో చనిపోయాడు. వేలమంది డబ్బుకి కీలు అతని ఒక్కడి లాప్‌టాప్‌లోనే ఉన్నాయని, అవి అతనితోనే పోయాయని చెప్పారు. తర్వాత విచారణలో తేలింది వేరు: కీ పోలేదు, డబ్బే ముందు పోయింది. అంటారియో సెక్యూరిటీస్ కమిషన్ 2020లో దాన్ని మోసమని తేల్చింది. ఆడిటింగుకి ముందు వారంలో పాస్‌వర్డ్ మర్చిపోయిన గుమాస్తా కనిపిస్తే, సర్వర్ తెరవడంతో పాటు లాగ్ ఫైళ్లు కూడా కాపీ తీసి పక్కన పెట్టాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి, దొంగ లాగిన్ జరిగిందని తెలిస్తే 6 గంటల్లో చెప్పాలి. చిన్న ఊళ్ల ఆఫీసులకి ఈ సంగతి చెప్పినవాళ్లే లేరు.

తుపాను గురించి రెండు మాటలు, ఎందుకంటే మాది సముద్రం పక్క ప్రాంతం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజుల్లో కరెంటు పోయి వచ్చి పోయి సర్వర్ పడిపోతుంది, సెల్ టవర్లు ఆగుతాయి, పాస్‌వర్డ్ తెలిసిన మనిషి దొరకడు. అప్పుడు తెలిసేది బ్యాకప్ సంగతి. బ్యాకప్ తీస్తున్నామనే నమ్మకం వేరు, దాన్నుంచి డేటా తిరిగి రావడం వేరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సంస్థలోనే ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌ని చెరిపేశాడు. బ్యాకప్ చూస్తే ఖాళీ. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ల తేడా వల్ల అది చాలాకాలంగా జరగడమే లేదు, ఎవరూ గమనించలేదు. ఆరు గంటల డేటా పోయింది. తుపాను కాలం రాకముందు, సెప్టెంబరులో ఒక ఆదివారం వేరే కంప్యూటర్ మీద బ్యాకప్ తెరిచి చూడమని మా వైపు అందరికీ చెబుతాను. వినేవాళ్లు కొద్దిమందే అయినా చెబుతూనే ఉంటాను.

తాళం ఎక్కడ పెట్టాలో నాకు తెలిసిన ఉపాయం పాతదే. యాడ్మిన్ పాస్‌వర్డ్, మిషను పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ కీ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్కతో సీలు వేసి, ఓనరు ఇంట్లో బీరువాలో పెట్టాలి. మార్చినప్పుడల్లా కవరు మార్చాలి. రోజువారీ పనికి కుర్రాడికి వేరే లాగిన్ ఇవ్వాలి. అత్తగారు తాళాలగుత్తి బొడ్లో దోపుకుని, కోడలికి వంటింటి తాళం ఇచ్చినట్టు.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. సర్వర్లు బల్ల కింద నుంచి క్లౌడ్‌కి వెళ్తున్నాయి. క్లౌడ్ కంపెనీయే డేటాబేస్‌ని నడిపిపెట్టే చోట ముట్టుకోవడానికి మిషను ఉండదు, పైన చెప్పిన దారులు ఒక్కటీ పనికిరావు. డేటాబేస్ మాస్టర్ పాస్‌వర్డ్ పోతే క్లౌడ్ ఖాతాలోకి వెళ్లి ఒక్క నొక్కుతో మార్చుకోవచ్చు. కానీ ఖాతాలోకి వెళ్లాలంటే ఈమెయిలు, ఓటీపీ. ఆ ఓటీపీ వెళ్లేది ఖాతా తెరిచిన రోజున ఎవరి ఫోను నంబరు ఇచ్చారో వాళ్లకి. అంటే అధికారం సర్వర్ నుంచి సిమ్ముకి మారింది. వాడని నంబరు రద్దయ్యాక 90 రోజుల తర్వాత కంపెనీలు ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మన దస్త్రం తాళం ఊరూ పేరూ తెలియని ఎవరి జేబులోనో ఉంటుంది. దుకాణం పేర ఒక నంబరు తీసుకుని, దాన్ని ఎవరి సొంతానికీ ఇవ్వకుండా ఉంచుకోవడం ఈ రోజుల్లో ట్రేడ్ లైసెన్సు అంత అవసరం.

పోయిన ఏడాది బాపట్లలో ఒక ఆఫీసుకి ఇదే కష్టం వచ్చింది. ఖాతా తెరిచిన అబ్బాయి విదేశానికి వెళ్లిపోయాడు. ఫోనులో దొరికాడు, మంచివాడే, ఆ పాత సిమ్ము ఇంట్లో అమ్మ దగ్గర ఉందని చెప్పాడు. ఆఫీసువాళ్ల కాగితం పట్టుకుని చెరుకుపల్లి వైపు ఆ ఊరు వెళ్లాం. ఆవిడ గూట్లోంచి చిన్న ఫోను తీసింది, రబ్బరు బ్యాండు వేసి, కరెంటు బిల్లుల మధ్య పెట్టి ఉంది. అరగంట ఛార్జింగు పెట్టాం. రీఛార్జి గడువు దాటింది గాని నంబరు ఇంకా రద్దు కాలేదు. రీఛార్జి చేసి, అక్కడే అరుగు మీద లాప్‌టాప్ తెరిచి లాగిన్ కొట్టాం. ఫోను మోగింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆరంకెలూ ఒక్కొక్కటిగా చదివింది. ఖాతాలో ఆఫీసు నంబరు పెట్టి, అది పని చేస్తోందని రెండుసార్లు చూసుకున్నాక, ఆవిడ అడిగింది: "ఇంక ఈ ఫోను తీసేయొచ్చా అబ్బాయ్?"

"తీసేయండమ్మా" అన్నాను.